గోడ పక్కన పొరలు పడ్డాయా? సీఎఫ్‌డీ మెష్‌లో బౌండరీ లేయర్ల సంగతి

చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చే బస్సు పైకప్పు మీద దుమ్ము ఎప్పుడైనా గమనించారా? గంటకు 70 కిలోమీటర్ల వేగంతో దారి పొడవునా గాలి దాని మీదుగా కొట్టుకుంటూనే ఉంటుంది, అయినా పొద్దున డిపోలోంచి బయలుదేరినప్పుడు ఉన్న సన్నటి ఎర్రమట్టి సాయంత్రానికీ అలాగే ఉంటుంది. కిటికీలోంచి చెయ్యి బయటపెడితే వెనక్కి నెట్టేసే గాలి, ఆ మట్టిని మాత్రం కదిలించలేదు. ఇంట్లో ఫ్యాను రెక్కల మీద దుమ్ము పేరుకునేదీ ఇందుకే.

కారణం చిన్నదే. గాలి గానీ నీళ్లు గానీ గోడను తాకిన చోట గోడకు అతుక్కుపోతాయి. బస్సులో కూర్చున్నవాడి లెక్కన చూస్తే పైకప్పును ఆనుకున్న గాలి వేగం సున్నా, కొంచెం పైకి వెళ్తే సెకనుకు 20 మీటర్లు. ఈ సున్నా 20గా మారే మేరకే బౌండరీ లేయర్ అని పేరు. 1904లో హైడెల్‌బర్గ్‌లో గణిత శాస్త్రజ్ఞుల మహాసభ జరిగినప్పుడు లుడ్విగ్ ప్రాంటల్ ఈ సంగతి బయటపెట్టాడు: జిగట చేసే అల్లరంతా గోడ పక్కన ఈ సన్నని పొరలోనే ఉంటుంది, దాని అవతల జిగట లేదనుకుని లెక్క వేసుకున్నా పెద్దగా తప్పు రాదు. అంతకుముందు జిగటను వదిలేసి లెక్క కడితే గాలిలో కదిలే వస్తువుకు అసలు అడ్డే ఉండదని తేలేది. ఎదురుగాలిలో సైకిలు తొక్కిన ఎవరికైనా అది అబద్ధమని తెలుసు, కానీ లెక్కలో తప్పెక్కడుందో ఎవరికీ చిక్కలేదు.

ఇదంతా ఎందుకంటే, కంప్యూటర్లో ప్రవాహాన్ని లెక్కగట్టేటప్పుడు, అంటే సీఎఫ్‌డీ చేసేటప్పుడు, స్థలాన్నంతా చిన్న చిన్న సెల్స్‌గా కోస్తాం. ఆ కోతనే మెష్ అంటాం. ఒక్కో సెల్‌లో వేగానికి, ఒత్తిడికి ఒక్కో విలువే ఉంటుంది. వేగం మెల్లగా మారే చోట పెద్ద సెల్ పెట్టినా నష్టం లేదు, కానీ వెంట్రుకవాసి దూరంలో వేగం ఎగబాకే గోడ పక్కన పెద్ద సెల్ పెడితే ఆ మార్పంతా ఒకే అంకెలో కలిసిపోతుంది. ఇక ఘర్షణ లెక్క, వేడి లెక్క, ప్రవాహం గోడను వదిలి ఎక్కడ విడిపోతుందన్న లెక్క, మూడూ పోయినట్టే. చిక్కేమిటంటే రంగుల బొమ్మ మాత్రం చాలా అందంగా వస్తుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎర్రటి ముక్కు, నీలం తోకతో మెరిసే బొమ్మల్లో ఎన్నింటికి గోడ పక్కన సరైన పొరలున్నాయో అడిగితే జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

గోడ పక్కన అన్నీ చిన్న సెల్సే పెట్టేస్తే సరిపోదా అనిపిస్తుంది. బస్సు లెక్కతోనే చూద్దాం. పొడవు 11 మీటర్లు, వేగం సెకనుకు 20 మీటర్లు అనుకుందాం. మన ఎండల్లో గాలి జిగటను సాంద్రతతో భాగిస్తే సుమారు 0.000016 వస్తుంది. వేగాన్ని పొడవుతో గుణించి ఆ అంకెతో భాగిస్తే వచ్చే రేనాల్డ్స్ సంఖ్య 1.4 కోట్ల దగ్గర తేలుతుంది. బల్లపరుపు ప్లేటుకు వాడే సూత్రం ప్రకారం పొర మందం అంటే 0.37ను పొడవుతో గుణించి, రేనాల్డ్స్ సంఖ్యను 0.2 ఘాతానికి ఎత్తి దాంతో భాగించడం. బస్సు వెనక అంచు దగ్గర అది 15 సెంటీమీటర్లు, అంటే జానెడు కన్నా కాస్త తక్కువ. ఇంత మందమున్న పొరలో గోడను ఆనుకున్న మొదటి సెల్ నడిబొడ్డు ఎక్కడుండాలంటే, గోడ నుంచి 0.023 మిల్లీమీటర్ల దూరంలో! తల వెంట్రుక మందంలో సుమారు మూడో వంతు.

సెల్ నడిబొడ్డు అక్కడుంటే సెల్ మొత్తం ఎత్తు దానికి రెట్టింపు, 0.045 మిల్లీమీటర్లు. అన్ని వైపులా అంతే కొలత ఉన్న ఘనాలతో బస్సు ఒంటిని కప్పాలంటే, ఒక్క వరసకే దాదాపు 6,700 కోట్ల సెల్స్ కావాలి. ఏ ల్యాబులోనూ జరిగే పని కాదు. కానీ గోడకు అడ్డంగా వేగం ఎంత గబుక్కున మారినా, గోడ వెంబడి చాలా నిదానంగా మారుతుంది. అందుకే సెల్‌ను పలకలాగా చేస్తాం: అడ్డంగా 20 మిల్లీమీటర్లు, ఎత్తు 0.045. పైన మరో పలక 1.2 రెట్ల ఎత్తుతో, దానిపైన ఇంకోటి మళ్లీ 1.2 రెట్లతో. ఇలా 36 పొరలు పేర్చితే 15 సెంటీమీటర్లు నిండుతుంది, మొత్తం సెల్స్ ఒకటిన్నర కోటి లోపే తేలతాయి. అదీ ఇబ్బందే గానీ అసాధ్యం కాదు. ఈ పలకల వరసలకే ప్రిజం లేయర్లనీ, ఇన్‌ఫ్లేషన్ లేయర్లనీ ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పేరు.

ఆ 0.023 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే వై ప్లస్ అనే మాట దగ్గరే సగం మంది గుడ్డిగా పోతారు. గోడ పక్కన దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిస్తే ఏమీ అర్థం కాదు. నీటిలో, గాలిలో, నెమ్మదిగా, వేగంగా, అన్నిచోట్లా అది వేరువేరుగా ఉంటుంది. అదే దూరాన్ని అక్కడి ఘర్షణ వేగంతో (గోడ మీది ఒరిపిడిని సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చే వేగం) గుణించి, సాంద్రతతో భాగించిన జిగటతో భాగిస్తే వచ్చే అంకె వై ప్లస్. ఈ కొలబద్దతో చూస్తే టర్బులెంట్, అంటే సుడులు తిరిగే ప్రవాహపు పొరలన్నీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. 5 లోపల జిగటదే పెత్తనం, వేగం తిన్నటి గీతలా పెరుగుతుంది. 30 దాటాక కొన్ని వందల దాకా వేగం దూరపు లాగరిథం లెక్కన పెరుగుతుంది, అదే లాగరిథం గీత. 5కీ 30కీ మధ్య బఫర్ అనే భాగం అటూ కాదు, ఇటూ కాదు.

మన బస్సుకు ఘర్షణ గుణకం 0.0025 దగ్గర, ఘర్షణ వేగం సెకనుకు 0.7 మీటర్లు వస్తాయి, ఇందాకటి 0.000016ను ఆ వేగంతో భాగిస్తే వై ప్లస్ 1 అంటే 0.023 మిల్లీమీటర్లు. బస్సు బల్లపరుపు ప్లేటు కాదు, ముందు మూలల దగ్గరే గాలి విడిపోతుంది, కాబట్టి ఇది మొదటి అంచనా మాత్రమే. సిమ్యులేషన్ ఒకసారి నడిపాక అసలు వై ప్లస్ చూసి మార్చుకోవాలి.

ఈ ప్లేటు సూత్రాలు కుర్చీలో కూర్చుని రాసినవి కావు, కొలిచినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకరు సతీష్ ధావన్. 1950ల మొదట్లో కాల్‌టెక్‌లో, ప్లేటులో ఒక చిన్న ముక్కను విడిగా తేలేట్టు అమర్చి, గాలి దాన్ని ఎంత బలంతో లాగుతోందో నేరుగా కొలిచారు. తర్వాత 1958లో ప్రవాహ శాస్త్రవేత్త రొద్దం నరసింహతో కలిసి, నున్నటి ప్రవాహం టర్బులెంట్‌గా మారే మధ్య దశలో ఈ పొర ఎలా ఉంటుందో రాశారు. 2002లో శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు, 2022లో జిల్లాలు మార్చినప్పుడు శ్రీహరికోట ఉన్న సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. జిల్లాలో ఆ పేరు తెలియనివాళ్లు లేరు, కానీ అందరికీ రాకెట్ల మనిషిగానే తెలుసు. ఆయన అసలు చదువు గోడ పక్కన గాలి గురించి.

సరే, వై ప్లస్ ఎంత పెట్టాలి? వాడే టర్బులెన్స్ మోడల్‌ను, అంటే సుడుల ప్రభావాన్ని అంచనా కట్టే సూత్రాలను బట్టి. మెంటర్ అనే పరిశోధకుడు 1994లో ఇచ్చిన ఎస్ఎస్‌టీ లాంటి మోడల్‌తో గోడ దాకా లెక్కించాలనుకుంటే 1 దగ్గర. వాల్ ఫంక్షన్‌తో, అంటే గోడ పక్కన లాగరిథం గీత ఉందని ముందే నమ్మేసి కే-ఎప్సిలాన్ అనే మోడల్ నడిపితే 30 పైన. మన బస్సుకు నడిబొడ్డు 50 దగ్గర ఉండేట్టు పెడితే మొదటి సెల్ ఎత్తు 2.3 మిల్లీమీటర్లు, 36 పొరలు కాస్తా 15కి దిగుతాయి. ల్యాప్‌టాప్ మీద చేసేవాడికి ఇదే దారి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వై ప్లస్ 1 పెట్టలేదని తిట్టే గైడు ఆ మెష్ నడిపే మెషీన్ కూడా ఇప్పించాలి కదా.

ఎక్కువమంది చేసే తప్పు ఇంకొకటి ఉంది. వై ప్లస్ 1కి మొదటి ఎత్తు సరిగ్గా లెక్కగట్టి పెడతారు, పొరల సంఖ్య మాత్రం 5 అని వదిలేస్తారు. 0.045తో మొదలై 1.2 రెట్లతో 5 పొరలంటే మొత్తం మందం 0.33 మిల్లీమీటర్లు. పొర అసలు మందం 15 సెంటీమీటర్లు! చివరి పలక ఎత్తు 0.09 మిల్లీమీటర్లు ఉంటే దాని పక్కనే 20 మిల్లీమీటర్ల సెల్, అంటే ఒక్క అడుగులో 200 రెట్లకు పైగా దూకుడు. వై ప్లస్ బొమ్మ చూస్తే చక్కగా 1 అని చూపిస్తుంది, రిపోర్టులో అదే అతికిస్తారు, లోపల వేగం గీత మాత్రం రెండు ముక్కలై ఉంటుంది. ఇంతకన్నా వై ప్లస్ 50తో 15 పొరలు పెట్టినవాడి జవాబే నిజానికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. మొదటి ఎత్తు, మొత్తం మందం, పెరిగే రేటు, ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. వాటిలో ఏ రెండు తేల్చినా పొరల సంఖ్య దానంతటదే రాదు, మూడూ తేలిస్తేనే వస్తుంది. పొరలు తగ్గించాలంటే రేటును 1.3 చేయొచ్చు, 36 కాస్తా 27 అవుతాయి. 1.5 దాకా లాగితే మాత్రం పొరలు పెట్టిన ఫలితమే దక్కదు.

ఇంతవరకు లెక్క. అసలు కుస్తీ ఆకారం దగ్గర మొదలవుతుంది. బల్లపరుపు గోడ మీద పొరలు ఎవరైనా పేరుస్తారు. గోడ మీద ప్రతి బిందువు నుంచి లంబంగా ఒక గీత పైకి లేపి, ఆ గీత వెంబడి మెట్లు గుర్తు పెట్టడమే. లోపలికి మడిచిన మూల దగ్గర రెండు గోడల లంబాలూ ఒకదానికొకటి ఎదురొస్తాయి. అలిపిరి టోల్‌గేటు దగ్గర నాలుగు వరసల బండ్లు ఒకే వరసలోకి దూరినట్టు గీతలు ఒకదాన్ని ఒకటి కోసుకుంటాయి, సెల్ తిరగబడుతుంది, దాని ఘనపరిమాణం మైనస్‌లోకి పోతుంది, సమీకరణాలు లెక్కగట్టే సాల్వర్ అక్కడికక్కడే ఆగిపోతుంది. బయటికి పొడుచుకొచ్చిన పదునైన అంచు దగ్గర ఇంకో రకం బాధ. విమానం రెక్క వెనక అంచులో ఒక్క లంబం గీస్తే అటు పైభాగానికీ ఇటు కిందిభాగానికీ న్యాయం జరగదు, పలకలు వంగిపోతాయి. అక్కడ ఒకే బిందువు నుంచి రెండు మూడు గీతలు విసనకర్రలా లేపే పద్ధతి మంచిది, కానీ అన్ని సాఫ్ట్‌వేర్లూ ఆ పని చేయవు.

ఇక ఇరుకు సందులు. బస్సు బాడీకీ సైడు మిర్రర్‌కీ మధ్య మూడు సెంటీమీటర్లుంటే రెండు వైపుల నుంచీ 15 సెంటీమీటర్ల పొరలు ఎక్కడ పడతాయి? రెండే దారులు. పొరలన్నిటినీ నొక్కి సన్నబరచడం, లేదంటే సందు దగ్గరికి వచ్చేసరికి మెట్లు మెట్లుగా పొరలు ఆపేయడం. మెట్ల అంచుల్లో చతుర్భుజాల ముఖాలు బయటపడతాయి కాబట్టి బయటి టెట్రా సెల్స్‌తో, అంటే నాలుగు త్రిభుజాల ముఖాలుండే సెల్స్‌తో, కలపడానికి పిరమిడ్లు కావాలి, ఆ పిరమిడ్ల నాణ్యత చాలాసార్లు అంతంతమాత్రం. నొక్కడమే నయం అనిపిస్తుంది గానీ, నొక్కిన చోట మొదటి ఎత్తు కూడా తగ్గిపోయి వాల్ ఫంక్షన్ ఉన్నవాడు బఫర్‌లో పడతాడు.

టైరు రోడ్డును తాకే చోటు మరీ ఘోరం. గుండ్రటి టైరు చదునైన రోడ్డును తాకేచోట మధ్య కోణం సున్నా దాకా తగ్గుతూ పోతుంది, అక్కడ ఏ పద్ధతితోనూ పొరలు పడవు. అనుభవం ఉన్నవాళ్లు టైరు కింద రోడ్డును చిన్న దిమ్మెలా పైకి లేపి టైరులోకి దూర్చేస్తారు, సున్నా కోణం పోయి మామూలు మెట్టు వస్తుంది. నిజం టైరు కూడా బరువుకు కొంచెం నొక్కుకునే ఉంటుంది కాబట్టి ఇది పెద్ద అబద్ధమూ కాదు.

పొరలు పేర్చే క్రమంలోనూ రెండు బడులున్నాయి. ఒకటి గోడ నుంచి మొదలుపెట్టి ముందు పొరలు వేసుకుని, మిగిలిన ఖాళీని టెట్రాలతో నింపేది. రెండోది ముందు స్థలమంతా సెల్స్‌తో నింపేసి, తర్వాత గోడ దగ్గరి మెష్‌ను లోపలికి నెట్టి ఆ ఖాళీలో పొరలు దూర్చేది. ఓపెన్‌ఫోమ్ అనే సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్‌తో ఉచితంగా వచ్చే స్నాపీహెక్స్‌మెష్ అనే మెష్ ప్రోగ్రాం రెండో బడి. కాపురమున్న ఇంట్లో గోడలకు ప్లాస్టరింగ్ చేయించడం లాంటిది ఇది. సామాన్లన్నీ మధ్యకు జరిపి గోడకు పూత పూస్తారు, బీరువా జరగని చోట పూత వదిలేసి వెళ్లిపోతారు. మేస్త్రీ చెప్పడు, మనమే చూసుకోవాలి.

స్నాపీ కూడా అంతే. పొర వేస్తే సెల్ నాణ్యత హద్దు దాటుతుందనుకుంటే అక్కడ పొర మానేసి ముందుకు పోతుంది, ఎర్రర్ ఇవ్వదు. పని అయ్యాక లాగ్ చివర ఒక చిన్న పట్టిక రాస్తుంది: ఏ గోడకు ఎన్ని ముఖాలు, సగటున ఎన్ని పొరలు పడ్డాయి, మొత్తం మందం ఎంత, అడిగిన దాంట్లో ఎంత శాతం. 15 అడిగితే 6.2 పడ్డాయని అక్కడ స్పష్టంగా ఉంటుంది. చాలామంది ఆ పట్టిక చూడకుండానే సాల్వర్ మొదలుపెట్టేస్తారు. పైగా అది సగటు మాత్రమే, బస్సు పక్కలకు నిండుగా పడి మూలల్లో సున్నా అయినా సగటు బాగానే కనిపిస్తుంది. మెష్‌ను బొమ్మగా చూపించే పారావ్యూలో తెరిచి గోడ మీద పొరల సంఖ్యకు రంగులు వేసి చూడటం తప్పదు.

స్నాపీలో ఇంకో గుంట రిలేటివ్‌సైజెస్ అనే సెట్టింగ్. అది ట్రూ అని ఉంటే మందాలన్నీ బయటి సెల్ కొలతకు నిష్పత్తులు, 0.3 అంటే సెల్‌లో 30 శాతం. ఫాల్స్ అని ఉంటే మీటర్లు. ట్యుటోరియల్ ఫైలు కాపీ చేసుకుని అందులో మిల్లీమీటర్ల లెక్క పెట్టినవాళ్లకు పొరలు ఎందుకు పడలేదో రెండు రోజులు అర్థం కాదు. ఫీచర్‌యాంగిల్ కూడా అంతే, ఆ కోణం కన్నా పదునైన అంచు వస్తే పొరలు అక్కడ ఆగిపోతాయి.

సిమ్యులేషన్ అయ్యాక చూడాల్సింది వై ప్లస్ సగటు కాదు, దాని చిన్న, పెద్ద విలువలు, అవి ఎక్కడున్నాయో కూడా. ప్రవాహం గోడను వదిలి విడిపోయే చోట ఘర్షణ సున్నా అవుతుంది కాబట్టి వై ప్లస్ కూడా సున్నాకు పడిపోతుంది. అది మెష్ గొప్పతనం కాదు. పొరల మందం సరిపోయిందా అన్నదానికి ఒక చక్కని పరీక్ష టర్బులెంట్ జిగటను, అంటే సుడుల వల్ల వచ్చే అదనపు జిగటను, మామూలు జిగటతో భాగించి గోడకు అడ్డంగా గీత గీయడం. ఆ నిష్పత్తి బౌండరీ లేయర్ నడుమ దాకా పెరిగి తర్వాత తగ్గాలి. పెరుగుతూ పెరుగుతూ ప్రిజం పొరలు అయిపోయే చోటే గీత విరిగితే, పొరలు పొట్టివైపోయాయని అర్థం.

ఇదంతా గాలి లెక్క. చిత్తూరు వైపు తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీల్లో గొట్టాల్లోంచి గుజ్జు పారించి వేడిచేస్తారు, దానికి ఈ వై ప్లస్ పాఠం తెచ్చి అతికిస్తే నవ్వులపాలే. గుజ్జు చిక్కన, ప్రవాహం మామూలుగా లామినార్, అంటే సుడులు లేని నున్నటి ప్రవాహం, అక్కడ వై ప్లస్‌కు అర్థమే లేదు. పొరలు మాత్రం కావాలి, ఇంకా ఎక్కువ కావాలి. ఎందుకంటే వేడి వ్యాపించే వేగం కన్నా జిగట ప్రభావం వ్యాపించే వేగం ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ రెండిటి నిష్పత్తినే ప్రాంటల్ సంఖ్య అంటారు, మళ్లీ అదే మనిషి. గాలికి అది 0.7, నీటికి గది వేడిమిలో 6, 7, గుజ్జు లాంటి చిక్కటి పదార్థాలకు వందలు, వేలు. వేడి పొర మందం, వేగం పొర మందం కన్నా ప్రాంటల్ సంఖ్య ఘనమూలమంత రెట్లు తక్కువ ఉంటుంది. ప్రాంటల్ సంఖ్య 1,000 ఉంటే పదో వంతు. వేగం గీత నున్నగా వచ్చిందని మెష్ సరిపోయిందనుకుంటే, గోడ నుంచి గుజ్జులోకి పోయే వేడి లెక్క తప్పుతుంది, అదే కదా అక్కడ కావాల్సింది. పైగా గోడ దగ్గర గుజ్జు వేడెక్కి పలచబడుతుంది, ఒరిపిడికీ పలచబడుతుంది, కాబట్టి మార్పంతా మళ్లీ గోడ పక్కనే.

రెండో చివర కొండ. తిరుమలలో కాకులకొండ మీద గాలిమరలు చూసినవాళ్లకు ఆ చరియల మీదికి గాలి ఎలా ఎక్కుతుందో లెక్కగట్టాలనిపించడం సహజం. ఇక్కడ బౌండరీ లేయర్ సెంటీమీటర్లు కాదు, ఎండాకాలం మధ్యాహ్నం కిలోమీటరు దాటుతుంది, రాత్రికి కొన్ని వందల మీటర్లకు కుంగిపోతుంది. గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఇలాంటి గాలి పొరలను రాడార్లతో కొలుస్తూ ఉంటుంది, అంటే పోల్చుకోవడానికి కొలతలు పక్క ఊళ్లోనే ఉన్నట్టు. నేల నున్నగా ఉండదు కాబట్టి వై ప్లస్‌ను పక్కన పెట్టి, నేల గాలిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే గరుకుదనం ఎత్తుతో పని చేస్తారు. గడ్డి నేలకు అది కొన్ని సెంటీమీటర్లు, శేషాచలం లాంటి అడవికి మీటరు దరిదాపు. మామూలు గరుకు వాల్ ఫంక్షన్లలో దీన్ని ఇసుక రేణువు ఎత్తుగా మారిస్తే 20, 30 రెట్లవుతుంది, మొదటి సెల్ నడిబొడ్డు దానికన్నా పైన ఉండాలి. అంటే అడవి మీద మొదటి సెల్ 40, 60 మీటర్లు! గాలిమర మొత్తం ఆ ఒక్క సెల్‌లోనే ఇమిడిపోతుంది. అందుకే గాలి పనికి గరుకుదనం ఎత్తునే నేరుగా తీసుకునే వాల్ ఫంక్షన్లు వేరుగా ఉన్నాయి, ఓపెన్‌ఫోమ్‌లోనూ ఉన్నాయి. అవి వాడితే మొదటి సెల్‌ను రెండు మూడు మీటర్లకు దించొచ్చు.

కొండ పెట్టే ముందు ఖాళీ నేల మీద ఒకసారి నడిపి చూడాలి. అదే మెష్ పొరలు, అదే గరుకుదనం, కొండ మాత్రం లేదు. లోపలికి వదిలిన గాలి గీత, అంటే ఎత్తుతో పాటు గాలి వేగం మారే గీత, అయిదు కిలోమీటర్ల అవతల కూడా అదే గీతగా బయటికి రావాలి. నేల దగ్గర అది వంగిపోయిందంటే కొండ పని ఆపి, మొదటి సెల్ ఎత్తు దగ్గరికి వెనక్కి రావాలి.